ఆఫీసు కౌంటర్లో నల్లబట్టలు, హిజాబ్: రూలు ఎక్కడుంది?

మల్లేశ్వరం చదువరి:
విధాన సౌధ ముఖద్వారం పైన ‘సర్కారద కెలస దేవర కెలస’ అని చెక్కి ఉంటుంది కదా. లోపల పనిచేసే మనిషి మాత్రం మతం గుర్తు ఇంట్లో వదిలి రావాలా? కౌంటర్లో కూర్చునే గుమాస్తా అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో వస్తే, లేదా హిజాబ్‌తో వస్తే, పైఅధికారి వద్దనవచ్చా? హిజాబ్ సంగతి 2022లో కర్ణాటక హైకోర్టు తేల్చేసింది అంటున్నారు. అమెరికాలో చర్చి వేరు, సర్కారు వేరు అన్న సూత్రం ఇక్కడ పనికొస్తుందా?

రూల్‌బుక్:
2022 మార్చి 15 నాటి తీర్పు విద్యార్థుల యూనిఫాం గురించండీ. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో దారి పట్టారు: జస్టిస్ హేమంత్ గుప్తా అప్పీళ్లు కొట్టేశారు, జస్టిస్ ధూలియా ఆమోదించారు. గుమాస్తా బట్టల సంగతి అందులో తేలలేదు.

ముందు ఆ పోస్టుకు యూనిఫాం ఉందో లేదో చూడండి. ఉంటే రాతలో సడలింపు లేకుండా నల్లచొక్కా కుదరదు. లేకపోతే ఏ రూలు ప్రకారం వద్దంటున్నారో అడగాలి, అదీ కాగితం మీద. అర పేజీ చాలు: పోస్టు పేరు, దీక్ష తేదీలు (మండలం 41 రోజులు), కావాల్సిన సడలింపు. రంగు, గడ్డం, చెప్పులు లేకపోవడం మూడూ విడివిడిగా రాయండి. కలిపి రాస్తే చెప్పుల దగ్గర అభ్యంతరం వచ్చి మొత్తం పోతుంది. కాపీ మీద ఇన్‌వర్డ్ సీలు (అందినట్టు ముద్ర) వేయించుకోవడం మరవద్దు.

పాత వకీలు:
‘మత స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగ అధికరణం 25 ఉంది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే నిలవదు. మినహాయింపు రాతలో కనపడాలి. సిక్కుల కృపాణం ఆ అధికరణం వివరణలోనే ఉంది. హెల్మెట్ విషయంలో తలపాగా కట్టుకున్న సిక్కులకు మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ఉంది. గడ్డం కోసం కోర్టుకెళ్లిన వైమానిక దళ ఉద్యోగి 2016 డిసెంబరులో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. కారణం ఆ దళం 425వ నిబంధన: జుట్టు కత్తిరించడాన్ని, గడ్డం గీయడాన్ని మతమే నిషేధించిన వారికే అందులోని మినహాయింపు వర్తిస్తుంది.

కోరమంగల:
చర్చికీ సర్కారుకీ మధ్య అమెరికా పెట్టిన గోడ సర్కారును కట్టడి చేయడానికి కట్టింది, ఉద్యోగి బట్టలు విప్పించడానికి కాదు. అయినా తడబాట్లున్నాయి. 1986లో గోల్డ్‌మన్ అనే వైమానిక దళ అధికారి కేసులో యూనిఫాం మీద యూదు టోపీకి అక్కడి సుప్రీంకోర్టు 5-4తో ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చట్టం చేసి అనుమతించింది. బడి టీచర్ల మత దుస్తుల మీద పెన్సిల్వేనియా 1895లో పెట్టిన నిషేధం 2023 దాకా బతికింది! ఫ్రాన్స్ లెక్క వేరు: హిజాబ్ నిషేధం కౌంటర్ వెనక ఉన్న ఉద్యోగికే, ముందు నిలబడ్డవారికి కాదు. ముఖం కప్పే బట్ట మీద మాత్రం 2010 చట్టం అందరికీ.

మల్లేశ్వరం చదువరి:
మరి ఆయుధ పూజ నాడు బీరువాలకు కుంకుమ పెడతారే?

పాత వకీలు:
అది వేరే ప్రశ్న. నుదురు ఉద్యోగిది, బీరువా సర్కారుది. అక్కడ బట్టల రూలు కాదు, ఒక మతాన్ని పెంచడానికి పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదనే అధికరణం 27 చూడాలి. పూలూ గుమ్మడికాయా ఆఫీసు ఖాతాలో కొన్నారా, స్టాఫ్ చందాలేసుకున్నారా అన్నది ముందు కనుక్కోండి.