1971 యుద్ధంలో పనిచేసినవాళ్ల కలయిక: తాతయ్యని తీసుకెళ్లనా?

గన్నర్ మనవడు:
మా తాతయ్యకి 78. 1971 యుద్ధంలో తూర్పు వైపు ఫిరంగి దళంలో చేశారు, పూర్వీ స్టార్ మెడల్ ఉంది. ఈ డిసెంబర్ 16న, విజయ్ దివస్ రోజు, వాళ్ల రెజిమెంట్ పాతవాళ్లంతా కలుస్తున్నారట. రైల్లో ఒక రాత్రి ప్రయాణం. ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ట్రంకుపెట్టె తీయడం, మెడల్స్ తుడవడం, మళ్లీ లోపల పెట్టడం, ఇదే పని. బీపీ, షుగర్ ఉన్న మనిషని అమ్మకి టెన్షన్. నా భయం వేరు, ఇన్నేళ్లలో యుద్ధం గురించి ఇంట్లో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు, అక్కడ అవన్నీ తవ్వుకుంటే తట్టుకుంటారా?

పాతట్రంకు:
తీసుకెళ్లండి. మా నాన్నది పశ్చిమ సరిహద్దు, 2021లో యాభై ఏళ్లు నిండినప్పుడు తీసుకెళ్లాను. గేటు దగ్గర ఒకాయన పేరు చెబితే నాన్న బిక్కమొహం వేశారు, ఆయన సర్వీస్ నంబర్ చివరి అంకెలు హిందీలో అనగానే చేతికర్ర వదిలేసి వాటేసుకున్నారు. ఇక ఇద్దరూ హిందీలో లంకించుకున్న తిట్లు! మా నాన్నకి అన్ని బూతులు వచ్చని ఆ రోజే తెలిసింది.

ఒక్కటి మాత్రం చేయండి. ఎవరెవరు పోయారో నిర్వాహకులకి ఫోన్ చేసి కనుక్కుని, ఇంట్లోనే మెల్లగా చెప్పండి. నేను ఆ పని చేయలేదు. మౌనం పాటించే ముందు పేర్లు చదువుతుంటే, ట్రెంచ్‌లో తనతో ఉన్నాయన పేరు వినపడింది. ఆయన కోసమని పక్కనే ఆపి ఉంచిన కుర్చీ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు.

నర్సమ్మ:
ఫిరంగుల దగ్గర చేసినవాళ్లకి వినికిడి దెబ్బతినడం మామూలే. పదిమంది ఒకేసారి మాట్లాడే హాల్లో శబ్దం వినిపిస్తుంది గానీ మాట విడిగా తెలియదు, అర్థం కాక నవ్వి ఊరుకుంటారు. స్పీకర్లకి దూరంగా, గోడ వారగా కూర్చోబెట్టండి. మందులు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు మీ చేతిసంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు. తిరిగొచ్చాక కొన్ని రాత్రులు నిద్ర పట్టకపోవచ్చు. వారాల తరబడి ఉలిక్కిపడి లేస్తుంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి.

గన్నర్ మనవడు:
వీడియో తీస్తే ఏమైనా అనుకుంటారా?

పాతట్రంకు:
అనుకోరు, కానీ దండగ. నేను ఫోన్ ఎత్తినంతసేపూ ఢాకాలో లొంగుబాటు, 93 వేల మంది ఖైదీలు, అన్నీ మనం పేపర్లో చదివినవే చెప్పారు. జేబులో పెట్టేశాక, చలికి పూరీలు చెక్కల్లా బిగుసుకుపోతే చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకుని తిన్న సంగతి బయటికొచ్చింది. కాసేపు వాళ్లని వాళ్లకే వదిలేసి మీరు బయట టీ తాగండి.

గన్నర్ మనవడు:
లోయర్ బెర్త్ దొరికింది. ఫోన్ కూడా చేశాను. తాతయ్య చెప్పిన ఆ నాలుగు మాటల్లో ఒక హవల్దార్ గారు ఉంటారు, ఆయన ఉన్నారట, ఈయన వస్తున్నారా అని అప్పటికే రెండుసార్లు అడిగారట. చెబితే తాతయ్య ఏమీ అనలేదు, షూ పాలిష్ ఎక్కడుందని అడిగారు. అమ్మ ఇంకా నాతో మాట్లాడటం లేదు.