షో విండో లైట్లకు అడుగుకు 200 లెక్క తిరుపతిలో అవసరమా?

గాంధీరోడ్డు వ్యాపారి: మా చీరల షాపు ముందు 20 అడుగుల అద్దాల విండో కడుతున్నాం. 12 వాట్ల ఎల్‌ఈడీ స్పాట్‌లైట్లు 24 పెడతాం, అంటే 288 వాట్లు. ఎలక్ట్రీషియన్ విండోకే 4 కిలోవాట్లు రాసి, మూడు సర్క్యూట్లు కావాలంటున్నాడు. ఇదేం లెక్క?

తిరుచానూరు వైర్‌మ్యాన్: సరైన లెక్కే సార్. అడుగుకు 200 వోల్ట్ ఆంపియర్లు (ఇక్కడ వాట్లలాగే అనుకోండి), 20 అడుగులకు 4000. గంటల తరబడి వెలిగే లోడ్ కాబట్టి 125 శాతం, అంటే 5000.

కోడ్‌బుక్: అన్నా, అది అమెరికా వైరింగ్ కోడ్. అక్కడి 120 వోల్టుల్లో 20 ఆంపియర్ల సర్క్యూట్‌కి 2400 వస్తుంది కాబట్టి 5000కి మూడు సర్క్యూట్లు. మన 230 వోల్టులకి అదే లోడ్ 22 ఆంపియర్లు దాటదు. పైగా ఆ 200 ఫీడర్‌కే, అంటే బోర్డుకి వచ్చే మెయిన్ లైన్‌కే తప్పనిసరి. బోర్డు నుంచి లైట్లకు వెళ్లే బ్రాంచ్‌కి పాయింట్ల లెక్క కూడా వేసుకోవచ్చు.

లీలామహల్ సర్కిల్: ఎన్ని లైట్లు పెట్టినా మా ఆవిడ చీర రంగు బయట ఎండలోనే చూస్తుంది.

బోర్డు పని: మన పద్ధతిలో లైట్ సర్క్యూట్‌కి 10 పాయింట్లు లేదా 800 వాట్లు. 24కి ఎలాగూ మూడే.

కోడ్‌బుక్: మూడు వచ్చినంత మాత్రాన 200 నిజమైపోదు.

తిరుచానూరు వైర్‌మ్యాన్: 200, 200 అని దాన్నే పట్టుకున్నారేంది? స్విచ్ వేయగానే ఎల్‌ఈడీలకు కరెంటు సర్దే డ్రైవర్లన్నీ ఒక్కసారి కరెంటు లాగితే 6 ఆంపియర్ల బి టైప్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తానే ఆఫ్ అయ్యే స్విచ్) పడిపోతుంది. అప్పుడు ఫోన్ నాకే. ఒక షాపులో యజమాని చెప్పినంతే వేశాను. తర్వాత ఆయన అదే లైన్లో సీరియల్ సెట్లు, టీవీ, చివరికి ఫ్రిజ్ కూడా తగిలించాడు. వైరు కాలింది. నా బాకీ ఇవ్వలేదు, పైగా పని రాదని ఊరంతా చెప్పాడు.

గాంధీరోడ్డు వ్యాపారి: ఎవరో ఫ్రిజ్ పెడితే నేను కట్టాలా? 4 కిలోవాట్లు రాస్తే కాంట్రాక్టెడ్ లోడ్, అంటే కరెంటోళ్లతో ఒప్పుకున్న లోడ్ పెరుగుతుంది. కమర్షియల్ కనెక్షన్‌కి కిలోవాట్ లెక్కన నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జి నా జేబులోంచే పోతుంది. మీ భయానికి నా బిల్లా?

కోడ్‌బుక్: వైరు వేరు, రాసే లోడ్ వేరు. 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం వైరు వేసినంత మాత్రాన బిల్లు పెరగదు. లైట్లకు మూడు సర్క్యూట్లు, స్విచ్ వేయగానే అంత తేలిగ్గా పడిపోని సి టైప్ ఎంసీబీలు, ప్లగ్గుకి వేరే లైన్ వేయండి. లోడ్ ఉన్నంతే రాయండి.

తిరుచానూరు వైర్‌మ్యాన్: ప్లగ్గు ఉంటే దాని లోడూ రాయాలి కదా.

గాంధీరోడ్డు వ్యాపారి: అయితే విండోలో ప్లగ్గే వద్దు.

తిరుచానూరు వైర్‌మ్యాన్: ఇప్పుడు వద్దంటారు. బ్రహ్మోత్సవాలకు లైట్ల పాయింట్ నుంచే వైరు లాగుతారు. విండోలో అదనంగా ఏదీ పెట్టనని రాసి సంతకం పెట్టండి, 288కే వేస్తాను.

గాంధీరోడ్డు వ్యాపారి: నా షాపులో నేను లైటు పెట్టుకోవడానికి నీకు సంతకమా?