మాజీ సైనికులను ఈ విషయం ఎలా అడగాలి?

నమస్కారమండీ. నేను శ్రీకాకుళంలో సమాజశాస్త్రం పీజీ చదువుతూ, లైంగిక ధోరణి పట్ల సైనికుల వైఖరి మీద ప్రాజెక్టు రాస్తున్నాను. 2018లో సుప్రీంకోర్టు వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాలను, వాటిని నేరంగా చూసిన అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 377వ సెక్షన్ నుంచి తప్పించినా, 1950 నాటి సైనిక చట్టం 46వ సెక్షన్‌లో ‘అసహజ’ ప్రవర్తనను శిక్షించే నిబంధన ఉంది. సైనికుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 33వ అధికరణం పార్లమెంటుకు ఇస్తోంది. స్వలింగ ఆకర్షణ గలవారిని చేర్చుకుంటే దళంలో ఐక్యత చెడుతుందని తరచూ అంటారు గాని, 1992లో కెనడా, 2000లో బ్రిటన్ నిషేధం ఎత్తేశాక అలాంటి నష్టం కనబడలేదని పరిశోధకులు తేల్చారు. ఒకరంటే ఒకరికి ఇష్టం ఉండటం కన్నా, అప్పగించిన పనికి అందరూ కట్టుబడటమే దళాన్ని నిలబెడుతుందన్న వారి వివరణ నాకు బలంగా తోచింది.

సైన్యంలో చేరాలని తెల్లవారకముందే రోడ్డు వెంట పరుగు సాధన చేసే కుర్రాళ్లు మా వైపు చాలా ఊళ్లలో కనిపిస్తారు. ఇక్కడ నాతో మాట్లాడిన మాజీ సైనికుడి పేరు మార్చి రాసినా, ఏ రెజిమెంటో, ఏ ఏడాది రిటైరయ్యారో చెబితే చాలు, ఊరంతా పోల్చేస్తుంది. అదే నా భయం.

ఇలాంటి క్షేత్రపరిశోధన చేసినవారు దయచేసి చెప్పండి: నేరుగా అడగడం మంచిదా, లేక ‘మీ ప్లటూనులో ఇలా జరిగితే ఏం చేసేవారు?’ అని ఊహాజనిత సందర్భంతో మొదలుపెట్టాలా? ఎవరైనా తమ గురించే చెప్పుకుంటే, వారికి గాని కుటుంబానికి గాని ఇబ్బంది రాకుండా దాన్ని ఎంతవరకు రాయవచ్చు?