చిన్న టిఫిన్ సెంటర్‌కి గ్రీజ్ ట్రాప్ కావాలా?

దోసెపెనం: తిరుపతి భవానీ నగర్‌లో టిఫిన్ సెంటర్ నాది. నెలకోసారి డ్రైనేజీ జామ్. గ్రీజ్ ట్రాప్ (సింక్ నీళ్లు కాలవలోకి పోకముందే జిడ్డుని ఆపే తొట్టి) పెట్టమని బిల్డింగ్ ఓనర్ పోరు. నేను కాలవలో చుక్క నూనె పొయ్యను, వడలు కాల్చిన నూనె డబ్బాకి పట్టి అమ్మేస్తా. మరి నాకెందుకు?

పైపులపని: కాగిన నూనె సంగతి కాదు సామీ. పొంగలి గిన్నె కడిగితే నెయ్యి పోదా? ట్రాప్‌లో నీళ్లు నెమ్మదిస్తాయి, జిడ్డు పైకి తేలుతుంది, మెతుకులు అడుక్కి దిగుతాయి, మధ్యలోని నీళ్లు అడ్డుపలక కిందనుంచి బయటికి పోతాయి. జిడ్డు, మడ్డి కలిపి లోతులో 25 శాతానికి చేరేలోపే తీసెయ్యాలి.

దోసెపెనం: ఆ 25 శాతం నూనె లెక్క కదా, ఫుడ్ సేఫ్టీ వాళ్లు చెప్పేది? మళ్లీ నూనె దగ్గరికే వచ్చారు. నేను పొయ్యనంటున్నా.

పైపులపని: అది కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్ల హద్దు, అంటే పదేపదే కాగితే నూనెలో పెరిగే చెడు పదార్థాలు. ఇది తొట్టి లోతు. రెండూ వేరు!

దోసెపెనం: మరిగే నీళ్లు పోస్తే చాలు. మా అమ్మ మెస్‌లో అదే చేసేది.

కిందిపోర్షన్: అలాంటి మెస్ వెనకే ఉన్నాం మేము. వేడికి కరిగిన జిడ్డు వాళ్ల పైపు దాటి, చల్లబడి, మా దగ్గర గడ్డకట్టింది. బ్రహ్మోత్సవాలకి ఇంటినిండా చుట్టాలు, బాత్‌రూంలో ములక్కాడ పిప్పి తేలింది. ఎవరికి చెప్పుకోవాలి?

రేణిగుంటరోడ్డు: పెట్టినా కంపే. మా దాంట్లో చెయ్యి పెట్టేవాడే దొరకడు.

పైపులపని: వారానికోసారి తీస్తే కంపెందుకు వస్తుంది?

దోసెపెనం: మీ బేరం కోసం మాట్లాడుతున్నారు. నాది 11 నెలల అగ్రిమెంట్. ఓనర్ వెనక ఫ్లోరింగ్ పగలగొట్టించి సిమెంటు తొట్టి కట్టించమంటున్నాడు, ఖర్చంతా నాదేనంట. పైన మూడు కాపురాల వంటింటి నీళ్లూ ఆ పైపులోకే వస్తాయి. రేపు ఖాళీ చేస్తే ఆ తొట్టి ఎవరిది? నేను నెత్తిన పెట్టుకుని పోతానా?

కిందిపోర్షన్: ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ ఎందుకు?

ఇల్లుగలవాడు: వ్యాపారం మీది, జిడ్డు మీది, ఖర్చు మాత్రం మాదా? అద్దెకిచ్చిన పాపానికి!

దోసెపెనం: పై కాపురాల జిడ్డు కూడా నాదేనా?

పైపులపని: నేల తవ్వొద్దు. సింక్ కింద పెట్టే స్టీల్ పెట్టె కొనుక్కోండి, ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకుని పోవచ్చు. పైవాళ్ల సంగతి ఓనర్ చూసుకోవాలి. సింక్ నిండా నీళ్లు పట్టి వదిలి, ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుందో చెప్పండి, సైజు చెప్తా.

దోసెపెనం: మాది రెండు తొట్ల సింక్. రెండూ ఒకేసారి వదలాలా?