ఇల్లు అమ్మేశాం. నేలలో ఉన్న మొక్కలు తవ్వి తీసుకెళ్లొచ్చా?

పెరటిగడప:
ఇంటికి అగ్రిమెంటు అయిపోయింది. తాళాలు ఇవ్వడానికి రెండు నెలల గడువుంది. కుండీల సంగతి కాదు నేనడిగేది, అవి ఎలాగూ మాతో వస్తాయి. నేలలో పాతుకున్న నాటు గులాబి, సన్నజాజి పందిరి, గోడ పక్కన మా అత్తయ్య నాటిన సంపంగి, వీటి గురించే బెంగ. కాగితంలో మొక్కల ఊసే లేదు. "ఇల్లు అమ్మితే పెరడూ అమ్మినట్టే, ముట్టుకోకు" అంటారు మా వారు. కొన్నవాళ్లేమో పెరడంతా చదును చేసి టైల్స్ వేయిస్తారట, మధ్యవర్తి చెప్పాడు. ఎలాగూ కొట్టేసేదాన్ని నేను తీసుకెళ్తే తప్పేమిటి?

గట్టుమీద:
మీ వారు చెప్పిందే రైటు. నేలలో వేరూనింది నేలతోనే పోతుందని చాలా దేశాల చట్టాలు అంటాయి. ఇవాళ్టి మాట కూడా కాదు. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన రోమన్ న్యాయపాఠంలోనే ఉంది: ఒకడి మొక్కను ఇంకొకడి నేలలో నాటితే, వేరు పట్టేదాకా అది మొక్కవాడిది, పట్టాక నేలవాడిది. మధ్యవర్తి మాట నమ్మి పార పట్టుకోకండి. వాళ్లు చూసినప్పుడు పెరడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. ఏవైనా కావాలంటే ఇప్పుడే అడిగి, ఏమేం తీసుకెళ్తున్నారో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి.

మొండివేరు:
రోమన్ల దాకా ఎందుకండీ? రేపు గొడ్డలి పడబోయే చెట్టుకి ఇవాళ చట్టం కాపలానా! పారతో పది నిమిషాల పని. నేనైతే తవ్వేస్తా.

తోటపని:
మొండివేరు గారూ, గులాబికి పది నిమిషాలు చాలేమో. సంపంగికి పార చాలదు. చెట్టును కదిలించేవాళ్లు వేసే లెక్క ఒకటుంది: కాండం ఎంత మందమో దానికి పది పన్నెండు రెట్లు వెడల్పున, వేళ్లు పట్టున్న మట్టిగడ్డ లేవాలి. పది సెంటీమీటర్ల కాండానికి మీటరు పైనే. ఆ గడ్డ బరువు అర టన్ను దాటొచ్చు. అంత చేసినా, నీళ్లు తాగే సన్నవేళ్లు చాలావరకు బయటే తెగిపోతాయి, ఎందుకంటే అవి కొమ్మల నీడ దాటి పాకి ఉంటాయి. అందుకే పెద్ద చెట్లకు నెలల ముందే చుట్టూ కందకం తీసి వేళ్లు కోస్తారు. లోపల కొత్త పిల్లవేళ్లు పుట్టాకే కదుపుతారు. మీకున్న గడువులో అది అయ్యే పని కాదు.

మిగతా రెండింటికీ దారి ఉంది. సన్నజాజిలో నేలకు దగ్గరగా ఉన్న తీగను వంచి, ఒక కణుపు మట్టిలో పూడ్చి పైన రాయి పెట్టండి. నీళ్లు తల్లి మొక్క నుంచి అందుతూనే ఉంటాయి కాబట్టి తీగ వాడదు, కణుపు దగ్గర వేళ్లు దిగుతాయి. తర్వాత కోసి కుండీలో పెట్టుకోండి. గులాబికి పెన్సిలంత మందం కొమ్మలు జానెడు పొడవున కణుపు కింద కోసి, కింది ఆకులు తీసేసి, నీడలో గుచ్చండి. కొన్ని ఎండిపోతాయి, కాబట్టి కావలసినదానికంటే ఎక్కువే పెట్టండి. సంపంగికి కొమ్మ నాటితే వేళ్లు రావడం కష్టం. కాయ పగిలి గింజలు దొరికితే పైనున్న ఎర్రటి గుజ్జు కడిగి వెంటనే నాటేయాలి. ఎండబెట్టి దాచుకుంటే మొలిచే గుణం పోతుంది.

పెరటిగడప:
చాలా థాంక్సండీ. కానీ గింజ నుంచి వచ్చేది మా అత్తయ్య చెట్టు కాదు కదా?

తోటపని:
కాదు. గింజలో పుప్పొడి వాటా కూడా ఉంటుంది. అంటు కడితేనే అచ్చంగా అదే చెట్టు. సంపంగికి గూటీ కట్టి చూడొచ్చు: వేలెడు మందం కొమ్మకి చుట్టూ అంగుళం మేర బెరడు ఒలిచి, తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టాలి. పట్టొచ్చు, పట్టకపోవచ్చు.

నీడపట్టున:
"అచ్చంగా అదే చెట్టు" అన్నది జన్యువుల మాట. గోడ నీడ తప్పించుకోవడానికి ఒక పక్కకి ఒరిగి పెరిగిన చెట్టు ఈవిడది. ఆ ఒరుగు అంటులో రాదు. నిజానికి వదిలేసినా తోట మిగలదు. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే జివెర్నీ అనే ఊళ్లో 1883 నుంచి 1926లో పోయేదాకా తోట పెంచాడు. ఆయన తర్వాత బ్లాన్ష్ అనే కోడలు చూసుకుంది. 1947లో ఆవిడా పోయాక తోట పాడుబడింది. 1970ల చివర్లో బాగుచేయడం మొదలుపెట్టి 1980లో జనానికి తెరిచారు. ఇప్పుడు అక్కడ అందరూ ఫొటోలు తీసుకునే పూలు తిరిగి నాటినవే. చూసే మనిషి పోతే మోనే తోటకే దిక్కు లేదు. నేను ఇల్లు మారినప్పుడు ఒక్క కొమ్మా తెచ్చుకోలేదు. కొత్తచోటి ఎండా మట్టీ చూసుకుని, అక్కడ బతికేవి వేసుకున్నాను.

మొండివేరు:
అంత వైరాగ్యం ఉన్నవాళ్లు ఈ చర్చలోకి ఎందుకొచ్చినట్టు :)

కొత్తింటివాళ్లం:
కొన్నవాళ్ల తరఫున ఎవరూ మాట్లాడట్లేదు, నేను మాట్లాడతాను. మేం కొన్న ఇంటి పెరడు తాళాలు తీసుకున్న రోజు గుంతలమయం. మొక్కలు పోయినందుకు అంత బాధ లేదు, అడిగితే మేమే ఇచ్చేవాళ్లం. అడక్కుండా రాత్రికి రాత్రి తవ్వుకెళ్లడం ఒళ్లు మండించింది. పైగా పారతో నీళ్ల పైపు పగలగొట్టి చెప్పకుండా పోయారు. తోట మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు పైపు ఎటు పోతుందో, ఏ మొక్కకి చెదలు పడుతుందో ఒక చీటీ రాసిపెట్టినా చాలు కదా.

అద్దెకొంప:
అద్దెకుండేవాళ్లకి ఈ గొడవే లేదు, అంతా కుండీల్లోనే. అదీ సుఖమేం కాదులెండి, వేళ్లు చుట్టలు చుట్టుకుపోతాయి. దేశం మారినప్పుడు మాత్రం కుండీలూ వదిలేశాను. మట్టిలో నులిపురుగులు, శిలీంధ్రాలు వస్తాయని చాలా దేశాలు మట్టితో ఉన్న మొక్కను రానివ్వవు.

పెరటిగడప:
మొహమాటం వదిలి వాళ్లకే ఫోన్ చేశాను. టైల్స్ ముందు వైపు మాత్రమేనట, మధ్యవర్తి విన్నది సగమే. జాజి పందిరి చూసే వాళ్లావిడకి ఇల్లు నచ్చిందట, అది తీయొద్దన్నారు. గులాబి తీసుకెళ్లండి, గుంత పూడ్చండి అన్నారు. సంపంగిని మాత్రం గోడ పాడవుతుందని కొట్టించేస్తారట. కొట్టబోమని మాటిస్తే ధరలో కొంత తగ్గిస్తామందామా అనిపిస్తోంది. మా వారు వినగానే లేచి వెళ్లిపోయారు.

గట్టుమీద:
ఈసారీ మీ వారి పక్షమే. మాటిస్తారు, మీరు తగ్గిస్తారు, ఏడాది తర్వాత కొట్టేస్తే ఏం చేస్తారు? కాగితం రాసుకున్నా, చెట్టు కోసం కోర్టు మెట్లెక్కుతారా?

కొత్తింటివాళ్లం:
డబ్బు తీసుకున్నాక మీరు ఆ వీధిలో కనిపించినప్పుడల్లా చెట్టు చూడ్డానికే వచ్చారనుకుంటారు. వాళ్లిల్లు వాళ్లకి వదిలేయండి.

మొండివేరు:
నేను ఒప్పుకోను. ఇష్టమైనదాని మీద సొంత డబ్బు పెడితే ఎవరికి నష్టం? ఒక్క ఏడాది నిలబడినా లాభమే.

తోటపని:
డబ్బు మాట తర్వాత, ముందు గోడ మాట తేల్చండి. గట్టి గోడని వేరు తొలుచుకుని పోదు, ఉన్న పగులులోకి దూరి దాన్ని పెద్దది చేస్తుంది. బంకమట్టి అయితే వేళ్లు నీళ్లు లాగేకొద్దీ మట్టి కుంచించుకుపోయి పునాది కుంగే ప్రమాదం నిజంగానే ఉంది. ఇసుకమట్టి అయితే ఆ భయం తక్కువ. గోడకీ కాండానికీ మధ్య ఎంత దూరముంది, గోడకి ఇప్పటికే పగుళ్లున్నాయా, మట్టి ఎలాంటిది? ఒక ఫొటో కూడా పెట్టండి. వాళ్ల భయంలో నిజముంటే మాత్రం చెట్టు తరఫున నేను మాట్లాడను.