తండ్రి దవడ కొడుక్కి వస్తుందా? ఎనిమిదేళ్ళకే తెలుస్తుందా?

ప్రశ్న:
తండ్రికి కింది దవడ బాగా ముందుకు ఉంటుంది, మేనత్తకూ అంతే. బాబుకు ఎనిమిదేళ్ళు. మొహం అచ్చుగుద్దినట్టు తల్లిదే. కానీ నోరు మూస్తే కింది ముందు పళ్ళు పైవాటిని దాటి ముందుకు వస్తున్నాయి. పెద్దయ్యాక తండ్రి దవడే వస్తుందని ఇప్పుడే చెప్పగలమా? ఎక్స్‌రేలో ఏం చూడాలి?

జవాబు 1:
"మొహం తల్లిదే" అన్నది ఈ వయసులో లెక్కలోకి రాదు. పుర్రె పైభాగం మెదడుతో పాటు ముందే పెరిగిపోతుంది, తర్వాత పై దవడ, అన్నిటికన్నా ఆఖరున కింది దవడ. అందుకే మగపిల్లల్లో గడ్డం దగ్గరి పోలిక యుక్తవయసులో గానీ బయటపడదు. తండ్రికి ఎనిమిదేళ్ళప్పుడు పక్కనుంచి తీసిన ఫోటో దొరికితే దానితో పోల్చండి, ఇప్పటి మొహంతో కాదు.

ముందు ఇంట్లోనే ఒకటి చూడండి. బాబును నిటారుగా కూర్చోబెట్టి, నాలుక కొనను అంగిట్లో వెనక్కి ఆనించి మెల్లగా నోరు మూయమనండి. ముందు పళ్ళు అంచుకు అంచు తగిలి, అక్కణ్ణుంచి దవడ ముందుకు జారుతోందా? జారితే తేడాలో కొంత పళ్ళ వల్ల వచ్చిందే. జారకుండా నేరుగా ముందుకే మూసుకుంటే ఎముకను అనుమానించాలి.

జవాబు 2:
ఒక్క లేటరల్ సెఫలోగ్రామ్ (తలను పక్కనుంచి తీసే ఎక్స్‌రే) ఆ రోజు దవడ ఎలా ఉందో చెబుతుంది, ఎటు పెరుగుతోందో చెప్పదు. ఏడాది తేడాతో రెండోది కావాలి, అదే యంత్రం మీద. పుర్రె అడుగున ముందుభాగం ఏడేళ్ళకు దాదాపు స్థిరపడుతుంది. రెండు ట్రేసింగులనూ (ఫిల్మ్ మీది ఎముకల అంచులు గీసుకున్న బొమ్మలు) అక్కడ కలిపి చూస్తే కదిలింది ఏ దవడో తెలుస్తుంది. పై దవడకన్నా కింది దవడ ఎంత ముందుకో వెనక్కో ఉందో చెప్పే ఏఎన్‌బీ కోణం మామూలుగా 2 డిగ్రీలు. సున్నా కిందికి పోయి ఏటేటా ఇంకా తగ్గుతుంటే తండ్రి దారే పట్టినట్టు. దవడ ముందుకు జారినప్పుడు ఫిల్మ్ తీస్తే మాత్రం కోణం అసలుకన్నా చెడ్డగా కనిపిస్తుంది. చాలాచోట్ల పొరపాటు అక్కడే.

అదే ఫిల్మ్‌లో మెడ పూసలు చూడండి. రెండో, మూడో పూసల అడుగు అంచు చదునుగా ఉంటే పెరుగుదల ఉరవడి ఇంకా దూరం. రెండిట్లోనూ గుంత పడితే దగ్గరకొచ్చినట్టు.

ప్రశ్న వేసినవారు:
ఎత్తు లెక్కలా తల్లిదండ్రుల దవడ కొలతలకు సగటు తీస్తే?

జవాబు 1:
కుదరదు. మగపిల్లల ఎత్తుకు తల్లిదండ్రుల ఎత్తులు కూడి, 13 సెం.మీ. కలిపి, సగం చేస్తాం. అదే దాదాపు 8.5 సెం.మీ. అటూ ఇటూ పోతుంది. దవడకు అలాంటి సూత్రమే లేదు. తండ్రి పాత సెఫలోగ్రామ్ ఉంటే తెప్పించండి. ఆయనకు పై దవడ పొట్టిదా, కింది దవడ పొడవా అన్నది సగటు కన్నా ఎక్కువ చెబుతుంది.

జవాబు 3:
తేలేదాకా ఆగకండి. పై దవడ వెనకబడి ఉంటే ఫేస్ మాస్క్ (నుదురు, గడ్డం మీద ఆనించి పై దవడను ముందుకు లాగే పరికరం) పదేళ్ళలోపే బాగా పనిచేస్తుంది: రోజుకు 12–14 గంటలు, ఒక్కో వైపు 300–500 గ్రాముల లాగుడు. కింది దవడ పొడవు వంశంలోనే ఉంటే, సరిచేసిన పళ్ళు టీనేజీలో మళ్ళీ తిరగబడవచ్చు. ఈ మాట ఇంట్లోవాళ్ళకు మొదటిరోజే చెప్పాలి. అప్పుడు ఆపరేషన్ అవసరమైనా, ఆరు నెలల నుంచి ఏడాది ఎడంగా తీసిన రెండు ఫిల్ములు ఒకదానిమీద ఒకటి తేడా లేకుండా కూర్చున్నాకే. అబ్బాయిల్లో తరచూ అది పద్దెనిమిది దాటాకే.