సిడమా, సిడెమా? గాలోగ్లాస్ బొమ్మల జెండాల దగ్గర వచ్చిన సందేహం

బొమ్మలకొలువు:
పెద్దలకు నమస్కారం. 28 మిల్లీమీటర్ల కొలతలో మధ్యయుగపు ఐర్లండ్ కిరాయి సైనికుల బొమ్మలకు, అంటే స్కాట్లండ్ పడమటి దీవుల నుంచి గొడ్డళ్లు పట్టుకొని వచ్చి గేలిక్ ప్రభువుల కొలువులో తరతరాలుగా స్థిరపడిన గాలోగ్లాస్ వంశాల వారికి, రంగులు వేస్తున్నాను. మాక్‌స్వీనీ పటాలానికి అడవిపందుల గుర్తు, మాక్‌డొనెల్ పటాలానికి తెడ్ల ఓడ, వారిని పోషించిన ఓనీల్ ప్రభువుకు ఎర్రని అరచేయి అనుకున్నాను. అడుగున తెలుగులో పేర్లు రాయబోతే, తిక్కన విరాటపర్వంలో ఉత్తరుడికి అర్జునుడు కౌరవవీరులను వారి జెండాల గుర్తులతో చూపించే సీసం మనసులో మెదిలి ఇక వదలడం లేదు. దాని చివరి గీతంలో భీష్ముణ్ణి గురించి "ఘనతాళతరువగు సిడెమువాఁడు" అని నాకు నోటికి వచ్చు. సిడెమంటే జెండా. "సిడము" అన్న పాఠం కూడా చూశాను. ఏది సరైనది? నా బొమ్మ చేతిలో ఉన్నదాన్ని సిడమనవచ్చునా, పడగ అనాలా?

ఛందోవ్యసని:
ముందు గీతాన్ని పూర్తిగా చూద్దాం.

మణిమయోరగ రుచిజాల మహితమైన
పడగవాఁడు కురుక్షితిపతి, మహోగ్ర
శిఖర ఘనతాళతరువగు సిడమువాఁడు
సురనదీసూనుఁ డేర్పడఁ జూచికొనుము

"శిఖర"లోని "శి"కి "సి"తో యతి చెల్లింది కనుక మొదటి అక్షరం మీద తగవు లేదు. సిడము, సిడెము రెండూ మూడు లఘువులే కనుక గణం కూడా ఈ తగవును తీర్చదు. తీర్చగలిగినది చెవి ఒక్కటే. పడగ, సిడము, ఏర్పడ అని వరుసగా మూడు పాదాలలో అకారంతో ఉన్న డకారం పలుకుతూ ఉంటే, మధ్యలో దానిని "డె" చేసి తిక్కన ఆ వరుసను ఎందుకు చెడగొట్టుకుంటాడు? నా ఓటు సిడానికే.

నిఘంటుప్రేమి:
చెవిని సాక్ష్యానికి పిలిస్తే ప్రతి వ్యాఖ్యాతకూ ఒక పాఠం తయారవుతుంది. మాటల చివర "అము", "ఎము" మారడం తెలుగులో కొత్త కాదు కాబట్టి, వ్రాయసగాడు తన నోటికి అలవాటైనదే రాశాడని అనుకోవడం మేలు. నాకు అంతకంటే అర్థం ముఖ్యం. జాతరలో పైకెత్తే పొడవాటి మ్రాను అయిన సిడిమానులోని సిడికీ ఈ సిడానికీ చుట్టరికం ఉందని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను. సిడిమానులో ప్రధానం గుడ్డ కాదు, పైకి లేచిన మ్రాను. అందుచేత సిడమంటే కర్రతో కూడిన నిలువెత్తు చిహ్నమే తప్ప గాలికి రెపరెపలాడే వస్త్రం కాదని నా అభిప్రాయం.

పద్యప్రియ:
చుట్టరికం సంగతి ఎలా ఉన్నా, "తరువగు" అన్న మాట మీ పక్షానే ఉన్నది. తాటిచెట్టు బొమ్మ ఉన్న సిడమని కాదు, తాటిచెట్టే అయిన సిడమని కదా కవి అన్నాడు! ఇంతకూ ఈ పద్యంలోని అసలు అందాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. ద్రోణునికి కేతనం, అశ్వత్థామకు కేతువు, కృపునికి ధ్వజం, కర్ణునికి పతాక అని సీసపాదాలు నాలుగింటినీ సంస్కృతానికి ఇచ్చి, గీతంలోకి దిగగానే సుయోధనునికి పడగ, భీష్మునికి సిడము అని అచ్చతెలుగులోకి వస్తాడు. ఆరుగురికి ఆరు మాటలు, ఒక్కటీ మళ్లీ రాదు. పాము గుర్తు ఉన్నవాడికే పడగ అన్న మాటను దాచి ఉంచడం, దానికి "పతి"తో యతి కుదరడం చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. కాబట్టి మీ గాలోగ్లాస్‌కు పడగ వద్దు, అది పాముకే అందం.

ఛందోవ్యసని:
పద్యప్రియగారూ, పడగకు జెండా అన్న అర్థం పాము లేని చోట్ల కూడా చెల్లుతుంది. ఒక్క పద్యంలోని చమత్కారాన్ని నియమం చేయకూడదు.

కార్క్‌వాసి:
మాట కంటే ముందు గుర్తుల కాలం తేల్చుకోవాలని నా మనవి. గాలోగ్లాస్ అన్న పేరు చరిత్రలో స్పష్టంగా కనిపించేది 1259లో, దీవుల రాజు కూతురిని పెళ్లాడిన ఐర్లండ్ రాకుమారుడు ఏడ్ ఓకానర్‌కు 160 మంది యోధులు వెంట వచ్చినప్పుడు. తిక్కన కాలమూ ఆ శతాబ్దమే. ఐర్లండ్‌లో వంశచిహ్నాలను నమోదు చేసే అల్‌స్టర్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్ పదవి ఏర్పడింది 1552లో. ఈనాడు దుకాణాలలో దొరికే కుటుంబ చిహ్నాలు చాలావరకు ఆ తరువాత కుదురుకున్న రూపాలు కనుక, 13వ శతాబ్దపు పటాలానికి అడవిపందులు వేస్తే కాలం తప్పుతుంది, 16వ శతాబ్దపు పటాలానికైతే నప్పుతుంది. ఓనీల్ చేతికి ఆధారం గట్టిది, 14వ శతాబ్దపు ఏడ్ రెవర్ ఓనీల్ ముద్ర మీద అరచేయి ఉన్నది. అయితే ముద్రకు రంగు ఉండదు, ఎరుపు మీ నిర్ణయమే అవుతుంది. దీవుల ప్రభువుల ముద్రల మీద ఓడ 13వ శతాబ్దంలోనే ఉన్నది కనుక మీ మూడింటిలో నేను ముందుగా వేసేది ఓడనే. రోస్కామన్ మఠంలోని సమాధి మీద చెక్కిన గాలోగ్లాస్ శిల్పాలు కవచానికీ ఆయుధాలకూ చక్కని ఆధారం, జెండాకు మాత్రం అక్కరకు రావు.

నిఘంటుప్రేమి:
ఐర్లండ్‌లోని ఓడొనెల్ వంశం వారు యుద్ధానికి ముందు తీసుకువెళ్లిన కాథాఖ్ అనే పవిత్ర గ్రంథం సంగతి ఏమిటి? అది సిడం కాదా?

కార్క్‌వాసి:
ఐర్లండ్ క్రైస్తవ సాధువు కొలంబా స్వహస్తంతో రాశాడని నమ్మిన కీర్తనల ప్రతిని పెట్టెలో ఉంచి, ఒక మతగురువు మెడలో వేసుకొని, సైన్యం చుట్టూ కుడివైపుగా మూడుసార్లు తిరిగేవాడు. కర్ర లేదు, గుడ్డ లేదు. మీ నిర్వచనం ప్రకారమే అది సిడం కాజాలదు.

పద్యప్రియ:
కర్ణుని దగ్గర ఎవరూ ఆగలేదేమి? సంస్కృత భారతంలో అతని ధ్వజం మీద ఉన్నది ఏనుగు నడుముకు కట్టే మోకు. తిక్కన "లలిత కంబుప్రభాకలిత పతాకా" అన్నాడు. కంబువుకు శంఖమే కాక ఏనుగన్న అర్థం కూడా ఉన్నది. మూలానికి దూరం పోకుండా, కాంతికి శంఖాన్ని కూడా అందుకొనేలా ఆ మాట ఎన్నుకున్నాడని నేను గట్టిగా అంటాను.

ఛందోవ్యసని:
"ప్రభ" పక్కన కంబువంటే తెల్లని శంఖమే. ఏనుగుకు ప్రభ ఎక్కడిది?

బొమ్మలకొలువు:
కార్క్‌వాసిగారి మాట మీద తొలి పటాలాన్ని 13వ శతాబ్దానికి మార్చి, తెల్లని గుడ్డ మీద నల్లని ఓడ వేస్తున్నాను. గుడ్డ జెండాయే కనుక, నిఘంటుప్రేమిగారి వాదం నిలిస్తే సిడమనకూడదు, పద్యప్రియగారి వాదం నిలిస్తే పడగ అనకూడదు. ప్రస్తుతానికి పతాక అని రాస్తాను. కానీ సిడము, సిడెముల మాట ఇంకా తేలలేదు. విరాటపర్వం తాళపత్ర ప్రతులలో ఈ గీతాన్ని స్వయంగా చూసినవారు ఎవరైనా ఉంటే, ఆ ఒక్క అక్షరం ఎలా ఉందో దయచేసి రాయగలరు.